ఉక్కపోత ఊళ్లలో పడకగది: పీచు పరుపు, దోమతెర, ఫ్యాను, మరికొన్ని

షాపులో పది నిమిషాలు పడుకుని చూస్తే ఏ పరుపైనా బాగానే ఉంటుంది. రావులపాలెంలో అయినా భీమవరంలో అయినా షోరూములో ఏసీ నడుస్తుంటుంది, తలుపులు మూసి ఉంటాయి. అదే పరుపు ఇంటికి వచ్చాక, జూలైలో నాలుగు రోజులు వదలని ముసురు పట్టినప్పుడు, కిటికీ అవతల కాలువో రొయ్యల చెరువో ఉన్న గదిలో ఎలా ఉంటుందో చూడాలి. డెల్టా ఇళ్లలో నిద్ర చెడగొట్టేవి ముఖ్యంగా మూడు: ఒంటికీ పరుపుకీ మధ్య నిలిచిపోయే చెమ్మ, దోమలు, రాత్రంతా ఆగని చప్పుడు. గోడకు ఏ రంగు వేయాలి, ఏ బొమ్మ తగిలించాలి అన్నవి వీటి తర్వాతి సంగతులు. అందుకే ఇక్కడ దాదాపు ప్రతి వస్తువునూ ఒకే లెక్కన చూశాం. దీంట్లోంచి గాలి ఆడుతుందా? చెమ్మ పట్టితే మళ్లీ ఆరుతుందా?

ఆ లెక్కన మొదటి మార్కు పీచు పరుపుకే. షాపుల్లో దీన్ని రబ్బరైజ్డ్ కాయిర్ అంటారు. కొబ్బరి పీచును తాడులా పురిపెట్టి, ఉంగరాలు తిరిగాక విప్పి, పరిచి, రబ్బరు పాలు చల్లి, అచ్చులో నొక్కి వేడి పెడతారు. పోగూ పోగూ తగిలిన చోటల్లా రబ్బరు అతుక్కుంటుంది. మధ్య ఖాళీలు అలాగే ఉండిపోతాయి. ఒంటి వేడి, చెమట తాలూకు ఆవిరి ఆ ఖాళీల్లోంచి దిగిపోతాయి కాబట్టి ఏసీ లేని గదిలో దీన్ని మించింది తక్కువ. మెత్తటి పరుపుకు అలవాటుపడ్డవాళ్లకు మొదట్లో గట్టిగా అనిపిస్తుంది. పక్కకు తిరిగి పడుకునే అలవాటున్నవాళ్లకు భుజం నొక్కుకుపోతుంది. అలాంటివాళ్లు పైన ఒక అంగుళం ఫోమ్ పొర ఉన్నది తీసుకోవచ్చు. అంతకు మించి ఫోమ్ ఉంటే పీచు కొన్న ప్రయోజనం పోయినట్టే.

కొనేటప్పుడు జిప్పు తీసి లోపల చూపించమని అడగండి. జిప్పే లేకుండా కుట్టేసిన పరుపైతే పొరల వివరం లేబుల్ మీద ఉండాలి. రెండూ లేకపోతే వదిలేయడమే మంచిది. పైన పల్చగా పీచు, కింద ఫోమ్ ముక్కలు అతికించి చేసిన దిమ్మ పెట్టి "ఆర్థోపెడిక్" అని అమ్మేవి చాలానే ఉన్నాయి. ఆ మాటకు ఏ ప్రమాణమూ లేదు, ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. బరువు చూస్తే మోసం సులువుగా తెలుస్తుంది. 75×60 అంగుళాలు, 5 అంగుళాల మందం ఉన్న పరుపు సుమారు 0.37 ఘనమీటరు. ఘనమీటరుకు 80 కిలోల సాంద్రత ఉన్న పీచైతే 29 కిలోలకు పైనే తూగాలి. మొత్తం పీచే అని చెప్పి, ఒక మనిషి ఒంటిచేత్తో లేపగలిగితే లోపల పీచు తక్కువన్నమాట. ఇంకో పరీక్ష: పరుపు అంచు కింద తెల్ల కాగితం పెట్టి అరచేత్తో నాలుగు దెబ్బలు వేయండి. ఒకటి రెండు పోగులు రాలితే ఫరవాలేదు, గోధుమరంగు పొడి రాలితే రబ్బరు సరిగా పట్టలేదని అర్థం. అలాంటిది త్వరలోనే నడుము దగ్గర గుంట పడుతుంది.

కొలత విషయంలో మన వడ్రంగులు చేసే మంచాలకూ కంపెనీ పరుపులకూ తరచూ పొసగదు. ఇక్కడ ఆరుంపావు అడుగుల మంచాలు ఎక్కువ, అంటే 75 అంగుళాలు. కంపెనీలు 72, 75, 78 మూడూ చేస్తాయి. మంచం బయటి కొలత కాకుండా పట్టెల మధ్య లోపలి కొలత తీసుకోండి. 78 అంగుళాల పరుపును 75లో ఇరికిస్తే మధ్యలో ఉబ్బి, ఆ ఉబ్బు దగ్గరే పీచు విరిగిపోతుంది.

పీచు పరుపును దూది పరుపులా డాబా మీద మండుటెండలో వేయకూడదు. దూదికి ఎండ మేలు. రబ్బరుకు మాత్రం నేరు ఎండ తగిలితే అది గట్టిపడి, పెళుసై, పొడిగా రాలిపోతుంది. నెలకోసారి వసారాలో నీడన, గాలి తగిలేలా గోడకు నిలబెట్టి ఓ పూట ఉంచితే చాలు. మూడు నెలలకోసారి తలవైపు, కాళ్లవైపు తారుమారు చేయాలి. రెండు వైపులా ఒకేలా ఉన్నదైతే తిరగేయాలి కూడా. కొత్తలో వచ్చే రబ్బరు వాసన వారం పదిరోజుల్లో పోతుంది. కవరు మీద ఉన్న ప్లాస్టిక్ సంచిని "మాసిపోతుంది" అని అలాగే ఉంచేయడం మన దగ్గర పెద్ద పొరపాటు. ఆ సంచి ఉన్నంత కాలం గాలి ఆడదు, లోపల చెమ్మ చేరి వాసన వేస్తుంది. పసిపిల్లలుంటే పల్చటి తువాలు గుడ్డకు అడుగున నీరు దిగని పొర వేసిన ప్రొటెక్టర్ వాడండి. రెక్సిన్ షీటు వద్దు, దాని మీద పిల్లలు చెమటకు తడిసి ముద్దవుతారు.

పరుపు ఎంత మంచిదైనా కింద మంచం మూసేసి ఉంటే లాభం లేదు. అడుగున అరలున్న బాక్సు మంచాలకు నిండుగా ప్లైవుడ్ పలక వేస్తారు. ఒంటి ఆవిరి కిందికి దిగి, చల్లటి ప్లైవుడ్‌కు తగిలి అక్కడే నిలుస్తుంది. వర్షాకాలం అయ్యాక పరుపు ఎత్తి చూస్తే నడుము భాగం కింద నల్లటి బూజు కనిపించేది అందుకే. వడ్రంగిని పిలిచి ఆ పలకకు ఆరేసి అంగుళాల దూరంలో అంగుళం వెడల్పు రంధ్రాలు పెట్టిస్తే సరిపోతుంది, గంట పని. కొత్తగా చేయించుకునేవారు పలక బదులు అడ్డపట్టీలు వేయించుకోండి, పట్టీకి పట్టీకి మధ్య రెండు, రెండున్నర అంగుళాలు ఖాళీ ఉండాలి. అంతకంటే ఎడం ఇస్తే పీచు ఆ సందుల్లోకి కుంగుతుంది. మంచం, బీరువా గోడకు ఆనించకుండా నాలుగు అంగుళాలు జరిపితే వెనక గోడ కూడా చెమ్మ పట్టదు.

దూది పరుపు సంగతి వేరు. దూది గాలిలోని నీటిని లాక్కుంటుంది. 65 శాతం తేమ ఉన్న గాలిలోనే పది కిలోల ఎండు దూది 850 గ్రాముల దాకా నీరు పట్టుకుని ఉంటుంది. ముసురు రోజుల్లో ఇంకా ఎక్కువ. ఎండాకాలం, చలికాలం హాయిగా ఉన్న పరుపు శ్రావణంలో బరువెక్కి చల్లగా తగలడానికి కారణం ఇదే. ఎండ వచ్చే మేడ, దాన్ని మోసే మనుషులు, గడ్డలు కట్టినప్పుడు దూది ఏకించే ఓపిక ఉన్న ఇంటికి ఇది ఇప్పటికీ మంచి ఎంపికే. తలగడలకు మాత్రం బూరుగు దూదే మా మొదటి ఎంపిక. తేలిక, నీరు అంత సులువుగా పట్టదు, తల కింద వేడెక్కదు. ఉతకకూడదు, ఎండలో వేసి దులపాలి. పోగు నలిగి పొడి రాలడం మొదలైతే లోపలి దూది మార్చేయాలి.

మెమరీ ఫోమ్ ఒంటి వేడికి మెత్తబడి ఒంటిని చుట్టుకునేలా చేసిన పదార్థం. ఏసీ రాత్రంతా నడిచే గదిలో బాగుంటుంది. ఫ్యాను మీద ఆధారపడ్డ గదిలో ఆ చుట్టుకోవడమే చెమటకు కారణమవుతుంది, కొనొద్దు. వేసవికి నవారు మంచం మీద పల్చటి బొంత హాయికి సాటి లేదు, అడుగు నుంచి కూడా గాలి వస్తుంది. నవారు వదులై నడుం కుంగితే ఆ హాయంతా పోతుంది కాబట్టి వదులైనప్పుడల్లా లాగి బిగించుకోవాలి.

ఇక దోమలు. వరిచేలు, బోదెలు, చెరువులు, కాలువ కట్టేశాక నిలిచిపోయే మడుగులు ఉన్నంత కాలం కాయిల్స్‌తో, ద్రావణాలతో గెలవలేం. మూసిన గదిలో రాత్రంతా కాయిల్ పొగ పీలిస్తే గొంతు మండడం, తల బరువెక్కడం మామూలే. దోమతెర, కిటికీ జాలీ కలిపి వాడాలి. తెరకు చదరపు అంగుళానికి 156 రంధ్రాలు ఉండటం మంచి కొలత: దోమ దూరదు, గాలి ఆగదు. పాత రకం తెరలకు పైకప్పు నిండు గుడ్డతో ఉంటుంది, సీలింగ్ ఫ్యాను గాలి దాని మీదే ఆగిపోతుంది. "తెర కడితే ఊపిరాడదు" అనే ఇళ్లలో చాలావరకు ఇదే కారణం. పైన కూడా జాలీయే ఉన్నది అడగండి. వెడల్పు మంచం కంటే ఎక్కువ ఉండాలి, లేకపోతే నిద్రలో మోచెయ్యి తెరకు ఆనుతుంది, దోమ బయటినుంచే కుడుతుంది. పక్కలు పరుపు కిందికి అడుగు మేర దోపడానికి సరిపోవాలి. మడత గుడారం తెరలు వేయడం సులువే గానీ వాటి జిప్పే ముందు పాడవుతుంది, అంతర్వేది, నరసాపురం వైపు ఉప్పుగాలికి లోపలి తీగ తుప్పు పట్టి గుడ్డకు మరక దిగుతుంది. నాలుగు మూలల తాళ్లతో కట్టే పాత పద్ధతి తెరకు మా ఓటు.

కిటికీలకు వెల్‌క్రో జాలీ చవక. అతికించేటప్పుడు చట్రాన్ని స్పిరిట్‌తో తుడిచి, బాగా ఆరాక పట్టీ అంటించి, జాలీ తగిలించడానికి ఒక రోజు ఆగాలి. సున్నం గోడకు అంటిస్తే మొదటి వర్షానికే ఊడుతుంది, అల్యూమినియం చట్రానికైతే నిలుస్తుంది. డబ్బు పెట్టగలిగితే జరిపే అల్యూమినియం ఫ్రేముకు 304 రకం స్టీలు జాలీ వేయించుకోండి. సముద్రానికి మరీ దగ్గరైతే 316 రకం. మామూలు ఇనుప జాలీ తీర ప్రాంతంలో దండగ.

ఫ్యానుల్లో బీఎల్‌డీసీ రకం (బ్రష్‌లు లేని డీసీ మోటారు, ఎలక్ట్రానిక్ కార్డుతో నడిచేది) కొనడానికి కరెంటు ఆదా ఒక కారణం. పాత ఫ్యాను 75 వాట్లు తీసుకుంటే ఇది 30 దగ్గర ఉంటుంది, రోజుకు పది గంటల చొప్పున నెలకు 13.5 యూనిట్లు మిగులుతాయి. రెండో కారణం నిద్రకు సంబంధించింది. కరెంటు పోయి చవకరకం ఇన్వర్టర్ అందుకోగానే పాత ఫ్యాను గుయ్యిమని మోత మొదలుపెడుతుంది. బీఎల్‌డీసీ ఫ్యానుకు ఆ మోత ఉండదు, బ్యాటరీ మీద ఎక్కువసేపు తిరుగుతుంది. పాత రెగ్యులేటర్‌ను మాత్రం తీసేసి స్విచ్చికి నేరుగా కలపాలి, లేకపోతే లోపలి కార్డు దెబ్బతింటుంది. 2023 జనవరి 1 నుంచి సీలింగ్ ఫ్యాన్లకు స్టార్ లేబుల్ తప్పనిసరి. దాంతోపాటు డబ్బా మీద గాలి పరిమాణం కూడా చూడండి, 1200 మిల్లీమీటర్ల ఫ్యానుకు నిమిషానికి 210 ఘనమీటర్లకు తగ్గకూడదు. రెక్కలకూ శ్లాబుకూ మధ్య కనీసం అడుగు ఖాళీ లేకపోతే ఎంత మంచి ఫ్యానైనా గాలి లాగలేదు. ఈ రకానికి బలహీనత ఆ ఎలక్ట్రానిక్ కార్డే. ఉరుములప్పుడు స్విచ్చి కట్టేయండి, దగ్గర టౌనులో సర్వీసు ఉన్న కంపెనీదే కొనండి. కొన్నింటికి మధ్యలో చిన్న లైటు రాత్రంతా వెలుగుతుంది, రిమోట్‌తో ఆర్పగలమో లేదో షాపులోనే అడగాలి.

కూలర్లు, వట్టివేరు తడకలు మన దగ్గర సగం వేసవికే పనికొస్తాయి. మే నెలలో పడమటి వడగాలి వీస్తున్నప్పుడు, 40 డిగ్రీల వేడి, 30 శాతం తేమ ఉంటే తడి గాలి 26 దాకా దిగగలదు, అప్పుడు రెండూ అద్భుతంగా పనిచేస్తాయి. అదే 34 డిగ్రీలు, 75 శాతం తేమ ఉన్న రాత్రి ఎంత ఖరీదైన కూలరైనా 30 కంటే కిందికి తేలేదు. పైగా గదిలో తేమ పెంచి పరుపును జిగటగా చేస్తుంది. వడగాలి తగ్గి సముద్రపు గాలి తిరిగాక కూలరులో నీళ్ల మోటారు ఆపేసి ఉత్త ఫ్యానుగా వాడండి. వాడేటప్పుడు ఎదురు కిటికీ తెరిచి ఉంచాలి. ఏసీ ఉన్నవాళ్లు ముసురు రోజుల్లో 26లో పెట్టి డ్రై మోడ్ వాడితే చలి వేయకుండా చెమ్మ తగ్గుతుంది.

దీపాల విషయం చిన్నది, చవకది. పడకగదిలో తెల్లగా మెరిసే 6500 కెల్విన్ ట్యూబుతో పాటు 3000 కెల్విన్ పసుపు బల్బు ఒకటి వేరే స్విచ్చికి పెట్టించుకుని, రాత్రి భోజనాలయ్యాక అదే వాడండి. నీలం జీరో బల్బు తీసేయండి, నిద్రను ఆలస్యం చేసే వెలుగు నీలమే. పసుపో ఎరుపో మేలు.

కడియం నర్సరీల నుంచి తెచ్చే ఇండోర్ మొక్కలు కంటికి చల్లన, ఆ మేరకు కొనుక్కోండి. గాలిని శుద్ధి చేస్తాయన్న మాట నమ్మి కొనొద్దు. 1989లో నాసా చేసిన పరీక్ష మూసిన పెట్టెల్లో జరిగింది. 2019లో వచ్చిన ఒక సమీక్ష ప్రకారం ఇంట్లో కిటికీ తెరిస్తే జరిగే పని మొక్కలతో జరగాలంటే చదరపు మీటరుకు పదీ ఆపైన మొక్కలు కావాలి. స్నేక్ ప్లాంట్, మనీ ప్లాంట్ మన తేమకు బతుకుతాయి. నర్సరీ సంచిలోని బంకమట్టి ముద్దను కాస్త విడదీసి, మూడో వంతు కొబ్బరి పొట్టు కలిపి మార్చకపోతే వేరు కుళ్లుతుంది. కుండీ కింది పళ్లెంలో నీళ్లు వారానికి ఒకటి రెండుసార్లు పారబోయాలి. డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కలు వచ్చేదాకా వారం పదిరోజులు చాలు.

పరుపు గ్యారంటీ గురించి ఒక మాట. చాలా కంపెనీలు గుంట ఒక అంగుళం దాటితేనే ఒప్పుకుంటాయి, అదీ ఎవరూ పడుకోనప్పుడు కొలిచి. పరుపు మీద మరక ఉన్నా, కింద మంచం సరిగా లేకపోయినా తిరస్కరిస్తాయి. కొన్న రోజే బిల్లును, లేబుల్‌ను, పరుపు వేయకముందు మంచం అడుగును ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి.