20 కిలోల బస్తా, ఒక్క కుక్క

మా భైరవకు నాలుగేళ్లు. జర్మన్ షెపర్డ్, 36 కిలోలు. ఇన్నేళ్లలో వాడి తిండికి పెట్టిన డబ్బు గురించి నాకు బాధ లేదు. ఆదా చేశాననుకున్న 800 రూపాయల మీదే ఇప్పటికీ కోపం తగ్గలేదు.

మలక్‌పేటలో నేను కొనే చోట కుక్కలు తినే ఎండు గుళికలు 10 కిలోల సంచి 3,200 రూపాయలు, 20 కిలోల బస్తా 5,600. పెద్ద బస్తానే కొనమని తెలిసినవాళ్లందరికీ చెప్పాను. అప్పట్లో మా అన్నయ్య లాబ్రడార్ కూడా మా ఇంట్లోనే ఉండేది. రెండు కుక్కలూ కలిసి మూడు వారాలు దాటగానే బస్తా ఖాళీ చేసేవి. అన్నయ్య వేరే ఇంటికి మారాక భైరవ ఒక్కడే మిగిలాడు. రోజుకు 450 గ్రాముల లెక్కన అదే బస్తా నెలన్నర వస్తుంది. ఆ తేడాను నేను పట్టించుకోలేదు.

నిరుడు జూలైలో బస్తా విప్పి ప్లాస్టిక్ డ్రమ్ములో పోశాను. డ్రమ్ము అడుగున పాత గుళికల పొడి, నూనె జిడ్డు అలాగే ఉన్నాయి. బయట వారం రోజులుగా ముసురు. నాలుగో వారంలో భైరవ గిన్నె దగ్గరికి వచ్చి, వాసన చూసి, తల తిప్పుకున్నాడు. మారాం చేస్తున్నాడనుకున్నాను. కోడిమాంసం ఉడికించిన నీళ్లు పోసి కలిపితే తిన్నాడు. మూడు రోజులు అలాగే తినిపించాను. నాలుగో రోజు తెల్లవారుజామున వాంతులు, ఆపైన విరేచనాలు. అంత పెద్ద కుక్కను రెండో అంతస్తు నుంచి చేతుల మీద దించాల్సి వచ్చింది.

డాక్టరు గారు గుళికలు తెప్పించి, నలిపి నా ముక్కు దగ్గర పెట్టారు. వారాల తరబడి వాడిన నూనె కంపు! గుళికల్లోని కొవ్వు గాలి తగిలి పాడవుతుందని, వేడికీ తేమకూ ఇంకా త్వరగా చెడుతుందని చెప్పారు. మూడు రోజుల సెలైన్‌కు, మందులకు 4,300 అయింది. వాడి నెల తిండి ఖర్చు అంత. డబ్బు పోతే పోయింది. వాడు వద్దని చెబుతూనే ఉన్నాడు, నేనే రుచి కలిపి తినిపించాను. అది మరిచిపోలేకపోతున్నాను.

పెద్ద జాతి కుక్కలకు ఎంత పెడితే అంత మంచిదన్న నమ్మకంతో చేసిన మరో ఖర్చు కాల్షియం పొడి. వాడి చిన్నప్పుడు ఎవరో చెబితే కలిపాను. పెద్ద జాతి కుక్కపిల్లల కోసం అమ్మే ఆహారంలో కాల్షియం లెక్క ప్రకారమే ఉంటుంది. పైనుంచి ఇచ్చేదాన్ని వాటి ఒళ్లు వదిలించుకోలేదు, ఎముకలు వంకర తిరిగే ప్రమాదం ఉంది. రెండో నెలలోనే డాక్టరు గారు మాన్పించారు కాబట్టి సరిపోయింది.

ఇప్పుడు 10 కిలోల సంచే కొంటున్నాను. డ్రమ్ము కడిగి, ఆరబెట్టి, సంచిని మూతి మడిచి అలాగే అందులో దించుతాను. కిలోకు 40 రూపాయలు ఎక్కువే పడుతోంది, పడనీ. శ్రావణంలో కోడి ధర దిగితే కొన్ని సాయంత్రాలు గుళికలు తగ్గించి, ఉల్లి, వెల్లుల్లి, ఉప్పు లేకుండా ఉడికించిన మాంసం, గుమ్మడికాయ, అన్నం పెడతాను. రోజూ అదే పెడితే పోషకాలు సరిపోతాయో లేదో డాక్టరు చూడాలి. అంత ఓపిక నాకు లేదు.

పెద్ద బస్తా దండగ అని అందరికీ చెప్పలేను. ఇంట్లో రెండు కుక్కలుండి, పొడిగా ఉండే గది ఉంటే అదే నయం. వచ్చే నెల అన్నయ్య ఊరెళ్తే లాబ్రడార్ మళ్లీ మా దగ్గరే ఉంటుంది. అప్పటికి 20 కిలోలదే తెస్తాను, డ్రమ్ములో మాత్రం పోయను.