బూస్టర్ పంపు కొనేవారికి హెచ్చరిక: పెట్టె మీది రెండు అంకెలను కలిపి నమ్మవద్దు

పై అంతస్తు షవరులో నీరు సన్నగా వస్తోందని బూస్టర్ పంపు కొనబోతున్నవారు డబ్బు చెల్లించే ముందు దయచేసి ఇది చదవండి. మాకు పంపు అమ్మిన దుకాణదారు పెట్టె మీద ముద్రించిన అంకెలు చూపించి, 30 మీటర్ల హెడ్డుతో (నీటిని ఎక్కించే ఎత్తు) గంటకు 2,400 లీటర్లు వస్తాయని గట్టిగా హామీ ఇచ్చాడు. ఆ రెండు అంకెలూ విడివిడిగా నిజమే కావచ్చు గానీ, ఇటువంటి పంపుల్లో అవి ఒకేసారి నిజం కావు. గరిష్ఠ హెడ్ అంటే పంపు నీటిని అంత ఎత్తు వరకు నిలబెట్టగలదని మాత్రమే అర్థం; ఆ ఎత్తున బయటికి పారే నీరు సున్నా. గరిష్ఠ డిశ్చార్జి (బయటికి వచ్చే నీటి పరిమాణం) అన్నది ఎదురొత్తిడి దాదాపు లేనప్పటి లెక్క. మన ఇంటి అవసరం ఈ రెండింటి నడుమ ఎక్కడో ఉంటుంది కనుక, ఏ హెడ్డు వద్ద ఎన్ని లీటర్లు వస్తాయో తెలిపే పట్టికను తప్పక అడగాలి.

అంతకంటే ముఖ్యమైన ప్రశ్న, అసలు నీరు ఎందుకు తగ్గిందన్నది, ఆయన అడగనే లేదు. పీడనం ట్యాంకు పెద్దదా చిన్నదా అన్నదాన్ని బట్టి కాక, నీటి మట్టానికీ షవరుకూ మధ్య ఉన్న నిలువు ఎత్తును బట్టి ఉంటుంది: 10 మీటర్లకు సుమారు ఒక బార్ (పీడనపు కొలమానం). మా డాబా మీది ట్యాంకుకు ఆ ఎత్తు రెండున్నర మీటర్లే, అంటే పావు బార్. ఇల్లు కట్టిన నాటి నుంచీ అది అంతే. ఏళ్లు గడిచేకొద్దీ తగ్గింది పీడనం కాదు, ప్రవాహం. బోరు నీటిలోని సున్నం ట్యాంకు కింది జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపులోనూ గేట్ వాల్వులోనూ గడ్డకట్టింది. అదే పీడనం మీద పైపు లోపలి వ్యాసం సగమైతే ప్రవాహం సగం కాదు, దాదాపు ఆరో వంతుకు పడిపోతుంది.

ఆ పూడిక పంపుకు ముందు ఉన్నప్పుడు ఎంత పెద్ద పంపు పెట్టినా అంతగా ప్రయోజనం ఉండదు. నీరు లోపలికి వచ్చే వైపున పంపు తన లోపల పీడనాన్ని తగ్గించగలదు, అంతే. నీటిని దానిలోకి నెట్టేది వాతావరణ పీడనమూ ట్యాంకులోని నీటి ఎత్తూ. వాతావరణం నెట్టగలిగేది సముద్ర మట్టం వద్ద కూడా 10.3 మీటర్ల నీటి ఎత్తుకు మించదు. నీరు చాలనప్పుడు ఇంపెల్లరు (పంపు లోపల తిరిగే చక్రం) దగ్గర ఆవిరి బుడగలు పుట్టి పగులుతూ, గులకరాళ్లు దొర్లినట్టు మోత వస్తుంది. మా పంపు చేసింది అదే. బిగించిన సరుకు వాపసు తీసుకోబోమని దుకాణదారు తేల్చేశాడు. ప్లంబరు ఆ పైపు ముక్కనూ వాల్వునూ మార్చిన తరువాత పంపు ఆపి ఉంచినా పాత ధార తిరిగి వచ్చింది.

అదే దుకాణంలో పంపును నేరుగా మున్సిపల్ నల్లాకు బిగించుకోమన్న సలహా కూడా విన్నాను. అది నిషిద్ధమే కాదు, ప్రమాదకరం కూడా: మోటారు లాగినప్పుడు లైనులో పీడనం పడిపోయి, పగుళ్ల గుండా మురుగు నీరు తాగునీటిలోకి చొరబడుతుంది, పక్కింటివారికి నీరే అందదు.

కొనే ముందు షవరు విప్పి, ఆ పైపు కింద 20 లీటర్ల బకెట్ నిండడానికి ఎంతసేపు పడుతుందో చూడండి. తరువాత ట్యాంకు వాల్వు దగ్గర జాయింటు విప్పించి అదే కొలత తీయండి. అక్కడే ధార బలహీనంగా ఉంటే ముందు వాల్వును మార్పించండి. అప్పటికీ పంపు అవసరమైతే, మీ ఇంటి ఎత్తున నిమిషానికి ఎన్ని లీటర్లు వస్తాయో బిల్లు మీద రాయించుకోండి. రాయడానికి ఒప్పుకోని దుకాణంలో కొనవద్దు.