‘వృద్ధుల ప్రత్యేక సంరక్షణ’ ప్యాకేజీకి డబ్బు కట్టబోయే నెల్లూరు, ప్రకాశం జిల్లాల వారికి ఒక హెచ్చరిక

పొదిలి ప్రాంతంలో ఉండే మా పెద్దమ్మ జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంటే, నెల్లూరు నగరంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో శస్త్రచికిత్స చేయించాము. గది అద్దె, మందులు, ఆపరేషన్ ఖర్చు కాక, ‘వృద్ధుల ప్రత్యేక సంరక్షణ’ అనే పేరుతో రోజుకు ఇంత అని మా దగ్గర అదనంగా తీసుకున్నారు. ప్రత్యేక నర్సు, ఎయిర్ బెడ్డు, రెండు గంటలకొకసారి పక్కకు తిప్పడం, రోజూ ఫిజియోథెరపీ, ఆహారం తినిపించడం అన్నీ అందులోనే ఉన్నాయని కౌంటర్‌లో చెప్పారు. వాటిలో చాలా భాగం మాకు అందలేదు. అందినట్టు కేస్ షీటులో మాత్రం ఒక్క గడి ఖాళీ లేకుండా రాసి ఉంది. ఎముకల డాక్టరుగారి మీద నాకు ఎటువంటి ఫిర్యాదూ లేదు, ఆయన పని ఆయన చక్కగా చేశారు. నేను చెప్పదలచుకున్నదంతా నర్సింగ్ పేరిట మేము కొన్న సేవ గురించే.

అన్నిటికంటే ముందు పడక పుండు గురించి చెప్పాలి, ఎందుకంటే మంచం పట్టిన పెద్దవాళ్ళను ఆసుపత్రిలో ఎంత శ్రద్ధగా చూస్తున్నారో తెలిపే మొదటి గుర్తు అదే. కదలలేని మనిషి ఒకే వైపు పడుకుని ఉంటే, ఎముక బయటికి పొడుచుకు వచ్చిన చోట్ల, అంటే నడుము కింది భాగంలో, తుంటి పక్కన, మడమల దగ్గర, చర్మానికి రక్తం అందక కొన్ని గంటల్లోనే కమిలిపోవడం మొదలవుతుంది. మొదట్లో ఒక ఎర్రటి మచ్చ కనిపిస్తుంది. దాన్ని వేలితో నొక్కి వదిలినప్పుడు తెల్లబడి మళ్ళీ ఎర్రబడితే పరవాలేదు, నొక్కినా తెల్లబడకుండా అలాగే ఎర్రగా ఉంటే పుండు మొదటి దశ మొదలైనట్టే. చామనఛాయ, నలుపు ఒంటి రంగు ఉన్నవారిలో ఎరుపు సరిగ్గా కనిపించదు కాబట్టి, ఆ చోటు చుట్టుపక్కల కంటే వేడిగా, గట్టిగా లేదా మెత్తగా తగులుతోందేమో చేత్తో తడిమి చూడాలి. పుండు పడే ప్రమాదం ఎంత ఉందో ముందే అంచనా వేయడానికి బ్రేడెన్ స్కేల్ అనే పద్ధతి 1980ల నుంచీ ఉంది. అందులో 6 నుంచి 23 వరకు మార్కులు ఉంటాయి, 18 లేదా అంతకు తక్కువ వస్తే ప్రమాదం ఉన్నట్టు లెక్క. చేరిన రోజే ఆ మార్కు వేయడానికి నర్సుకు అయిదారు నిమిషాలు చాలు. మా పెద్దమ్మ కేస్ షీటులో ఆ కాగితం ఉంది గానీ, దాని మీద మార్కు వేసినవారు లేరు.

ఎయిర్ బెడ్డు మంచం మీద పరిచి ఉంది. దానికి గాలి పంపే మోటారు ప్లగ్గు మాత్రం గోడకు లేదు, ఎందుకంటే ఉన్న ఒక్క సాకెట్‌లో టేబుల్ ఫ్యాను పెట్టారు. మే నెల నెల్లూరు ఎండలో ఫ్యాను తీయమని ఎవరు అడుగుతారు? గాలి లేని ఎయిర్ బెడ్డు మీద పడుకోవడమూ, రెక్సిన్ పరుపు మీద పడుకోవడమూ ఒకటే, అయినా అద్దె మాత్రం బిల్లులో రోజూ పడింది. ఒక రాత్రి పదిన్నరకు మా అక్క, అంటే పెద్దమ్మ కూతురు, మంచం కాళ్ళ దగ్గర వేలాడుతున్న తిప్పే పట్టికను చూస్తే, తెల్లవారి ఆరు గంటల వరకు కుడి, ఎడమ, వెల్లకిలా అని రాసి, సంతకాలు కూడా పూర్తయి ఉన్నాయి. ఇంకా రాని గంటలకు సంతకం పెట్టిన ఆ కాగితాన్ని ఆమె ఫోనులో ఫోటో తీసి ఉంచింది. తర్వాత మా ఫిర్యాదుకు బలం ఇచ్చింది అదే.

నడుము కింద పుండు పడిన తర్వాత రోజూ డ్రెస్సింగ్ మొదలుపెట్టారు. ఆ డ్రెస్సింగ్‌కు, దానికి వాడిన గాజుగుడ్డకు, మందుకు మళ్ళీ వేరుగా బిల్లు వేశారు. తమ నిర్లక్ష్యం వల్ల వచ్చిన పుండుకు చికిత్స చేసి, దాని ఖర్చును రోగి నుంచే రాబట్టుకోవడం ఏ వ్యాపారంలో ఒప్పుకునే పద్ధతి? అమెరికాలో ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్, ఆసుపత్రిలో చేరిన తర్వాత ఏర్పడిన మూడో, నాలుగో దశ (అంటే బాగా లోతైన) పడక పుండ్లకు అదనంగా చెల్లించడాన్ని 2008 అక్టోబరు నుంచే నిలిపివేసింది. ఇక్కడ ఆ నిబంధన వర్తించదు, కానీ అలా అడిగే హక్కు డబ్బు కట్టేవారికి ఉండాలన్న ఆలోచన మాత్రం న్యాయమైనదేనని నా అభిప్రాయం.

రెండో సంగతి ఇంకా బాధ కలిగించేది. ఆపరేషన్ అయిన మరుసటి రాత్రి నుంచి పెద్దమ్మ తానెక్కడ ఉన్నదీ తెలియక, చనిపోయిన మా పెదనాన్నను పిలుస్తూ, చేతికున్న సెలైన్ సూది పీకేయబోయింది. ఉదయం మేము వెళ్ళేసరికి రెండు చేతులూ బ్యాండేజి గుడ్డతో మంచం కమ్మీలకు కట్టి ఉన్నాయి. “రాత్రంతా ఇట్టాగే అరస్తా ఉందమ్మా, కట్టేయకుంటే ఏం చేసేది?” అని ఆయమ్మ అన్నది. అందులో ఆయమ్మ తప్పేమీ లేదు. ఆ అంతస్తు మొత్తానికి రాత్రి డ్యూటీలో రిజిస్టర్డ్ నర్సు ఒక్కరే ఉన్నారు, తక్కినవారు ఇంకా చదువుకుంటున్న అమ్మాయిలు. మాకు చెప్పిన ‘ప్రత్యేక నర్సు’ ఎవరో చివరి వరకు తెలియలేదు.

వయసు మీద పడితే ఇలాగే ఉంటుందని డ్యూటీ డాక్టరు తేల్చేశారు. అది వయసు వల్ల వచ్చే మతిమరుపు కాదు. హఠాత్తుగా మొదలై, పూట పూటకూ హెచ్చుతగ్గులు కనబరిచే ఈ అయోమయాన్ని డెలీరియం అంటారు. ఇన్‌ఫెక్షన్, నొప్పి, ఒంట్లో నీరు తగ్గడం, మలబద్ధకం, మూత్రం నిలిచిపోవడం, కొన్ని నిద్రమందులు, ఇలా వెతికితే దొరికే కారణాలు దాని వెనుక ఉంటాయి. దాన్ని గుర్తించడానికి అమెరికా వైద్య పరిశోధకురాలు షారన్ ఇనోయ్ బృందం 1990లోనే ఒక సులువైన పరీక్షను ప్రచురించింది. ఆమే అక్కడి యేల్ విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో 70 ఏళ్ళు దాటిన 852 మంది మీద జరిపి 1999లో వెలువరించిన అధ్యయనంలో, మామూలు సంరక్షణ పొందినవారిలో నూటికి 15 మందికి డెలీరియం రాగా, ప్రత్యేక శ్రద్ధ పొందినవారిలో అది 9.9 శాతానికి తగ్గింది. ఆ ప్రత్యేక శ్రద్ధలో ఖరీదైన మందులేమీ లేవు. కళ్ళజోడు, చెవి మిషను పెట్టించడం, రోజూ తేదీ, చోటు, మనుషుల పేర్లు గుర్తుచేస్తూ మాట్లాడటం, నీళ్ళు తాగించడం, రాత్రి నిద్ర చెడకుండా చూడటం, వీలైనంత త్వరగా లేపి నడిపించడం, అంతే. మా పెద్దమ్మ కళ్ళజోడు, చెవి మిషను రెండూ ఆపరేషన్‌కు ముందు ఒక కవర్లో వేసి బీరువాలో పెట్టినవారు మళ్ళీ బయటికి తీయనే లేదు. మా అక్క వాటిని వెతికి పెట్టి, పక్కన కూర్చుని ఊరి కబుర్లు చెబుతూ ఉంటే ఆ సాయంత్రానికే ఆమె కొంత తేరుకుంది. చేతులు కట్టేయడం వల్ల అయోమయం, పెనుగులాట ఇంకా పెరుగుతాయి.

మూత్రం గొట్టం సంగతి కూడా ఇలాంటిదే. ఆపరేషన్ కోసం వేసిన గొట్టాన్ని అవసరం తీరగానే తీసేయాలి, ఎందుకంటే అది ఉన్న ప్రతి రోజూ మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చే అవకాశం పెరుగుతుంది. బెడ్‌పాన్ పెట్టే శ్రమ తప్పుతుందని దాన్ని అలాగే ఉంచారు, ఆపైన చలిజ్వరం వచ్చింది. బ్యాగు ఎప్పుడూ నడుము కంటే కిందికి వేలాడాలి, నేలను తాకకూడదు. పక్క మార్చేటప్పుడు దాన్ని తీసి మంచం మీద పడేయడం నేను కళ్ళారా చూశాను. తినిపించే పనినైతే పూర్తిగా ఇంటివారికే వదిలేశారు, తలవైపు మంచం ఎత్తి కూర్చోబెట్టి తినిపించాలని, లేకపోతే జావ ఊపిరితిత్తుల్లోకి పోతుందని చెప్పినవారు కూడా లేరు.

పెద్దాసుపత్రిలోనూ ఈ పనులన్నీ ఇంటివారే చేసుకోవాలి కదా అని కొందరు అనవచ్చు. నిజమే కావచ్చు, కానీ అక్కడ ఈ పేరుతో ఎవరూ ప్యాకేజీ అమ్మరు.

కాబట్టి ఇటువంటి ప్యాకేజీ మీ ముందు పెట్టినప్పుడు, అందులో ఏమేమి ఉన్నాయో ఆసుపత్రి ముద్రతో రాసిమ్మని అడగండి. రాత్రిపూట ఆ అంతస్తులో ఎంతమంది రోగులకు ఎంతమంది రిజిస్టర్డ్ నర్సులు ఉంటారో అడగండి, పగటి లెక్క చెప్పి దాటవేస్తే ఒప్పుకోవద్దు. చేరిన రోజే సిస్టర్‌ను పక్కన ఉంచుకుని వీపు, నడుము, మడమలు చూపించి, పుండు ఏదీ లేదని కేస్ షీటులో రాయించండి. ఆ ఒక్క వాక్యం లేకపోతే, పుండు ఇంటి దగ్గరే ఉందని రేపు వాళ్ళు అంటారు, మాకు అన్నారు కూడా. కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్ళ వల్ల నడుము, మెడ బిగుసుకుపోయిన పెద్దవాళ్ళయితే, పక్కకు తిప్పడానికి ఇద్దరు మనుషులు కావాలని ముందే చెప్పి రాయించడం మరింత అవసరం.

ఇప్పటికే నష్టపోయినవారు బిల్లుతో సరిపెట్టుకోకుండా, నర్సుల నోట్సు, తిప్పిన పట్టిక, మందుల పట్టికతో సహా పూర్తి కేస్ షీటు నకలు కావాలని లిఖితపూర్వకంగా అడగండి. 2002 నాటి వైద్య వృత్తి నియమావళి ప్రకారం అడిగిన 72 గంటల్లోగా రికార్డులు ఇవ్వాలి. డబ్బు తీసుకుని చేసే వైద్యసేవ వినియోగదారుల చట్టం పరిధిలోకి వస్తుందని సుప్రీంకోర్టు 1995లో వి.పి. శాంతా కేసులో స్పష్టం చేసింది. 2019 చట్టం కింద నెల్లూరు, ఒంగోలులోని జిల్లా వినియోగదారుల కమిషన్లలో రెండేళ్ళ లోపు ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయలు మించకపోతే ఫిర్యాదుకు రుసుము కూడా ఉండదు. ముందుగా సలహా కావాలంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915కు ఫోను చేయండి. ప్రైవేటు ఆసుపత్రులకు రిజిస్ట్రేషన్ ఇచ్చే వ్యవస్థ జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారి చేతిలో ఉంటుంది కాబట్టి, అదే ఫిర్యాదు నకలును ఆ కార్యాలయానికి కూడా ఇచ్చి, అందినట్టు రసీదు తీసుకోండి.

మా ఫిర్యాదు తర్వాత ఆసుపత్రివారు డ్రెస్సింగ్ ఖర్చు, ఎయిర్ బెడ్డు అద్దె వెనక్కి ఇస్తామన్నారు, ప్రత్యేక సంరక్షణ రుసుము మాత్రం ఇవ్వబోమన్నారు. దాని బదులు ఇక ఏ అభ్యంతరమూ లేదని సంతకం పెట్టమంటూ ఒక కాగితం పంపారు. మేము దాని మీద సంతకం పెట్టలేదు.