నీళ్లెక్కువైన సక్యులెంట్: కుండీలోనే ఆరనివ్వాలా, బయటికి తీయాలా?

సక్యులెంట్ (ఆకుల్లో, కాండంలో నీళ్లు దాచుకునే మొక్క) ఆకులు పసుపెక్కి, పట్టుకుంటే మెత్తగా, లోపల నీళ్లు నిండినట్టు కనిపిస్తున్నా కాండం గట్టిగానే ఉంటే కుండీలోనే ఉంచి, మట్టి అడుగుదాకా ఆరేవరకు నీళ్లు ఆపేస్తే చాలు, వేర్లు కదలవు. కానీ మట్టి రోజుల తరబడి తడిగానే ఉంటే లోపల కుళ్లు పాకుతూనే ఉంటుంది.

కాండం మొదలు నల్లబడిందా, ఇక ఆగకుండా బయటికి తీయండి. జిగటగా ఉన్న వేర్లు తీసేసి, శుభ్రమైన కత్తితో కాండాన్ని పైకి కోసుకుంటూ వెళ్లండి, లోపల గోధుమ రంగు చుక్క ఒక్కటి మిగిలినా మళ్లీ కుళ్లుతుంది కాబట్టి మచ్చలేని లేత ఆకుపచ్చ కనిపించేదాకా కోయాల్సిందే. కోత నీడలో 3-4 రోజులు ఆరి గట్టిపడ్డాకే ముతక ఇసుక, పెర్లైట్ (నీళ్లు నిలవకుండా మట్టిలో కలిపే తేలికైన తెల్లటి గుళికలు) బాగా కలిపిన పొడి మట్టిలో నాటండి.

అనుమానంగా ఉంటే నేనైతే తీసే చూస్తాను. వేర్లు బాగుంటే పొడి మట్టిలో పెట్టేయడమే.