బీటిల్స్ ‘ఆంథాలజీ 1’: ఒక్క పది నిమిషాల కోసం కొన్నాను

ఇంగ్లండ్ రాక్ బృందం బీటిల్స్ పాత రికార్డింగులతో 1995లో వచ్చిన ఈ రెండు సీడీల సెట్‌ని నేను కొన్నది మొదటి సీడీలోని ఓ పది నిమిషాల కోసమే. బీటిల్స్ అనే పేరే ఇంకా పుట్టలేదు, 1958. లివర్‌పూల్‌లో పెర్సీ ఫిలిప్స్ అనే ఆయన ఇంట్లోనే చిన్న రికార్డింగ్ గది నడిపేవాడు, అక్కడికి తర్వాత బీటిల్స్ అయిన జాన్ లెనన్, పాల్ మెకార్ట్నీ, జార్జ్ హారిసన్, ఇంకో ఇద్దరు స్నేహితులు వెళ్లి ఒక డిస్క్ చేయించుకున్నారు. ఒక్కటంటే ఒక్కటే కాపీ. అది పియానో వాయించిన కుర్రాడి దగ్గర ఏళ్ల తరబడి ఉండిపోయింది, 1981లో పాల్ కొనుక్కున్నాడు.

అందులో ఒకటి అమెరికా రాక్ గాయకుడు బడీ హాలీ పాట. రెండోది వీళ్ల సొంతం, ‘ఇన్ స్పైట్ ఆఫ్ ఆల్ ద డేంజర్’. రాసినవాళ్లుగా పాల్, జార్జ్ పేర్లున్నాయి, పాడింది మాత్రం జాన్. గరగర బాగా ఉంది, డ్రమ్స్ ఎక్కడో వెనక్కి పోయాయి. షాపులో పాటల లిస్టు రాసిచ్చి క్యాసెట్ నింపించుకున్న తరం వాణ్ణి కాబట్టి ఆ గరగర నాకు అడ్డం కాలేదు. పదిహేడేళ్ల జాన్ ఎంత ధీమాగా పాడాడో! వెనక నుంచి మిగతా గొంతులు వచ్చి కలిసే చోటు ప్రతిసారీ వెనక్కి తిప్పి మళ్లీ వింటాను.

కోపం తెప్పించిన విషయం, ఈ పాటని కత్తిరించి పెట్టారు. ఉన్నదే ఒక్క డిస్క్, అందులో సొంత పాట ఒక్కటి, పూర్తిగా వదిలేస్తే ఇంకో నిమిషం కూడా పట్టేది కాదు కదా.

1960లో ఫోర్త్‌లిన్ రోడ్‌లోని పాల్ వాళ్లింట్లో గ్రుండిగ్ టేప్ రికార్డర్ మీద తీసినవి మూడున్నాయి. డ్రమ్మర్ లేడు, సౌండ్ ఇంకా మసక. తరచుగా వినలేను. కానీ బాస్ గిటార్ మీద ఉన్నది స్టువర్ట్ సట్‌క్లిఫ్, 21 ఏళ్లకే పోయినవాడు. ఈ గ్రూపులో అతని బాస్ వినాలంటే ఇలాంటి ఇంటి టేపులే దిక్కు.

మధ్యలో పెట్టిన మాటల ముక్కలు నాకు నచ్చలేదు, దాటేస్తాను.

కారులో పెట్టకండి, ఏమీ వినపడదు. రాత్రిపూట హెడ్‌ఫోన్స్‌తో వినండి. బీటిల్స్‌కి కొత్తవాళ్లయితే 1963 నాటి మొదటి ఆల్బమ్, చాలావరకు ఒక్కరోజులో రికార్డు చేసిందే, ముందు విని తర్వాత ఇటు రండి, ఐదేళ్లలో ఆ గొంతులు ఎక్కడికి చేరాయో అప్పుడు తెలుస్తుంది.

నా వరకు ఐదుకి నాలుగు స్టార్లు. ఆ పాటని కోయకుండా ఉంటే ఐదూ ఇచ్చేవాణ్ణి.