ఏబీఏ థెరపీ: ఎదురుగానా, వీడియో కాల్‌లోనా?

ఆటిజం ఉన్న బిడ్డకు అప్లైడ్ బిహేవియర్ అనాలిసిస్, అంటే ఏబీఏ (ప్రవర్తన వెనక కారణం చూసి, బదులుగా పనికొచ్చే పద్ధతి నేర్పే థెరపీ), వీడియో కాల్‌లో చేయిస్తే సరిపోతుందా అని అడిగే తల్లిదండ్రులు చాలామంది బిడ్డను స్క్రీన్ ముందు కూర్చోబెట్టడాన్నే ఊహించుకుంటారు. అది ఒక పద్ధతి మాత్రమే. ఇంకో పద్ధతిలో నిపుణులు అటునుంచి చూస్తూ చెబుతుంటే, ఇటు అమ్మో నాన్నో బిడ్డతో పని చేస్తారు. టెలీహెల్త్, అంటే వీడియోలో దూరం నుంచి అందే సేవ, దాని బలమంతా ఇందులోనే ఉందని నా నమ్మకం.

2016లో పీడియాట్రిక్స్ పత్రికలో వచ్చిన ఒక అమెరికా అధ్యయనం 107 మంది చిన్నపిల్లలను చూసింది. కొందరి ఇంటికి నిపుణులే వెళ్లారు. కొందరు క్లినిక్‌కు వెళ్లి అక్కడి నుంచి, కొందరు ఇంటి నుంచే వీడియోలో సేవలందుకున్నారు. కొట్టడం, వస్తువులు విసరడం లాంటి ప్రవర్తనలు మూడు గుంపుల్లోనూ సగటున 90 శాతానికి పైగా తగ్గాయి. వీడియోకు ఖర్చు తక్కువైంది. అయితే మూడింటిలోనూ బిడ్డతో పని చేసింది శిక్షణ పొందిన తల్లిదండ్రులే. కాబట్టి వీడియో కాల్ ఎదురుగా ఉండే థెరపిస్ట్‌తో సమానమని దీన్నిబట్టి చెప్పలేం. తల్లిదండ్రులకిచ్చే మంచి కోచింగ్ దూరం నుంచి కూడా పనిచేస్తుందని మాత్రం చెప్పొచ్చు.

ఇంటి నుంచి చూడడంలో ఇంకో లాభం ఉంది. అన్నం దగ్గరో, పడుకునే ముందో వచ్చే గొడవ క్లినిక్‌లో కనపడకపోవచ్చు. ఏబీఏలో అసలు ప్రశ్న బిడ్డ ఎందుకలా చేస్తున్నాడన్నది. పని తప్పించుకోవడానికా, మన దృష్టి కోసమా, కావలసిన వస్తువు కోసమా? పని తప్పించుకోవడానికే పుస్తకం విసురుతుంటే, దానికి బదులు ‘బ్రేక్ కావాలి’ అని అడగడమో, కార్డు చూపించడమో నేర్పుతారు. గొడవ జరిగే చోటే నేర్పితే అది అక్కడే పనికొస్తుంది.

మరి ఎదురుగా ఉండే థెరపిస్ట్ ఎప్పుడు తప్పనిసరి? తల బాదుకోవడం, గట్టిగా కొరకడం, రోడ్డు మీదికి పరుగెత్తడం ఉంటే పక్కన శిక్షణ ఉన్న మనిషి ఉండాల్సిందే. ఇక్కడ నేను రాజీపడను. గుండీలు పెట్టుకోవడం, చెంచా పట్టుకోవడం లాంటివి చెయ్యి పట్టి నేర్పాలి. వారానికి 20 నుంచి 40 గంటల ప్రోగ్రామ్‌ను మొత్తంగా స్క్రీన్ మీదికి మార్చడం కూడా కుదిరే పని కాదు. పైగా కెమెరాకు అందని మూలలో జరిగింది లెక్కలోకి రాదు.

బిడ్డే నేరుగా స్క్రీన్‌లో నేర్చుకోవడం కాసేపు కుదురుగా కూర్చుని, చెప్పింది విని అనుకరించగలిగే పిల్లలకు బాగుంటుంది. మిగతావాళ్లకు టెన్షనే.

కోచింగ్‌లో భారమంతా పెద్దవాళ్ల మీద పడుతుందన్నది మాత్రం నిజం. ఆ గంటలో ఇంట్లో ఖాళీగా ఉన్న పెద్ద మనిషి లేకపోతే ఎంత మంచి నిపుణులున్నా లాభం లేదు. అలసిపోయిన అమ్మను తప్పుపట్టడం అన్యాయం, ఆ ఇంటికి థెరపిస్ట్ నేరుగా వచ్చే పద్ధతే మేలు.

ప్రమాదకరమైన ప్రవర్తన లేని ఇళ్లకు నేను చెప్పేది కలగలుపు పద్ధతే: మొదటి అంచనా ఎదురుగా, తర్వాత వారంవారం వీడియో కోచింగ్, మధ్యమధ్యలో ఒకసారి నేరుగా కలవడం. చేరే ముందే మూడు ప్రశ్నలు అడగండి. ఆ ప్రవర్తన ఎన్నిసార్లు జరిగిందో లెక్క ఎవరు రాస్తారు? రికార్డింగ్ ఎవరి దగ్గర ఉంటుంది? కాల్ మధ్యలో బిడ్డకు దెబ్బ తగిలితే ఏం చేయాలి? మూడోదానికి సూటిగా జవాబు చెప్పలేని చోట చేర్పించకండి.