వెంటిలేటర్ తీసెయ్యడం, ఇంజెక్షన్ ఇచ్చెయ్యడం ఒకటేనా?

పలాసలో మా పెదనాన్న ఐసీయూలో ఉన్నప్పుడు ఇంట్లో ఇదే గొడవ, మెషిన్ తీసేస్తే మనమే చంపినట్టు కదా అని పెద్దమ్మ ఒకటే ఏడుపు. చేతులు వాచిపోయి సూది గుచ్చడానికి చోటు లేదు, ఆ చేతులకే కొబ్బరినూనె రాస్తూ కూర్చునేది.

కానీ రెండూ ఒకటి కాదండి. ఇంజెక్షన్‌తో ప్రాణం తియ్యడం నెదర్లాండ్స్‌లో 2002 నుంచి షరతులతో కుదురుతుంది, మన దగ్గర నేరమే. ఇక బాగవ్వరని తేలాక వెంటిలేటర్ ఆపడానికి మాత్రం 2018లో సుప్రీంకోర్టు ఒప్పుకుంది, 2023లో ఇంకా సులువు చేసింది, లివింగ్ విల్‌కి, అంటే బాగవ్వని స్థితి వస్తే మెషిన్లతో బతికించొద్దని ముందే రాసిపెట్టుకునే కాగితానికి, ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ ఆఫీసర్ సంతకం చాలు, అయినా ఆ రోజొస్తే ముగ్గురేసి డాక్టర్ల బోర్డులు రెండు సరేననాలి. నాకు ఇదే సబబనిపిస్తుంది, ఇంజెక్షన్ దారి తెరిస్తే డబ్బుల్లేని ఇళ్లల్లో ముసలోళ్ల మీదే ఒత్తిడి పడుతుందని భయం. మెషిన్ ఆపినా నొప్పికి మందు మాత్రం ఆపకూడదు.